తాళం ఉంది, గొలుసు లేదు

ఇన్‌స్పెక్టర్ గారు లాకెట్ కోసం కాలవ తవ్విస్తున్నారు.

నిజంగానే! అయిదంతస్తుల ఆ దుకాణాల భవనం అడుగున, కరెంటు గది గోడ వెంబడి పోయే మురుగు కాలవలో ఇద్దరు కానిస్టేబుళ్ళు మోకాళ్ళదాకా దిగి, బురద తోడి జల్లెడ పడుతున్నారు. నిన్నటి నుంచీ వాళ్ళకి దొరికిన సంపద: ఒక దువ్వెన, మూడు సీసామూతలు, ఎవరిదో పెట్టుడు పళ్ళ సెట్టులో సగం. బంగారం కోసం దిగినవాళ్ళకి పళ్ళు దొరికితే నవ్వాలో పళ్ళు కొరకాలో తెలియలేదు పాపం.

"ఏం పోయిందండీ?" అనడిగాడు టెస్టరు, మెట్లు దిగుతూ.

"లాకెట్, గొలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, చేతిలోని టార్చి అతని మొహం మీదే వేసి. "చచ్చినవాడి మెడలోవి."

"ఎవరు చెప్పారు?"

"వాచ్‌మన్. శవాన్ని చూడగానే ఆ చచ్చినవాడి బావమరిది ఏమని అరిచాడో చెవులారా విన్నాడు. 'లాకెట్ ఉంది, గొలుసేదీ' అని. నేను వచ్చి చూసేసరికి లాకెట్టూ లేదు, గొలుసూ లేదు. అంటే మధ్యలో రెండూ నొక్కేసింది ఎవరు?"

టెస్టరు కాలవలోకి ఒకసారి తొంగి చూశాడు. అతని అసలు పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. చొక్కా జేబులో పెన్నుండాల్సిన చోట కరెంటు చూసే టెస్టరుంటుంది కాబట్టి ఆ పేరు. సర్కారు కొలువులో ఉన్నన్నాళ్ళూ పెద్ద భవనాల వైరింగు తనిఖీ చేశాడు. కొలువు వదిలాక, కరెంటు పట్టి చచ్చినవాళ్ళ కేసుల్ని తను పట్టుకున్నాడు. మామూలుగా అయితే నోరు తెరిస్తే చాలు, మాటలు మెలిపెట్టి జోకులు పేలుస్తాడు. నిన్నటి నుంచీ మాత్రం నోటికి ఫ్యూజు కొట్టేసింది. కారణం అతని వెనకాల మెట్ల మీద నిలబడి ఉంది.

చనిపోయిన ఎలక్ట్రీషియన్ భార్య.

నిన్న పొద్దున టెస్టరు ఇంటికొచ్చి ఆమె ఒక్కటే అడిగింది. "బాబాయ్ గారూ, మా ఆయన్ని చంపింది నా తమ్ముడేనా కాదా చెప్పండి చాలు. వాణ్ని చిన్నప్పటి నుంచీ ఈ చేత్తోనే పెంచాను. ఇక మీదట వాడికి ఈ చేత్తో ముద్ద పెట్టాలో, ఈ చేత్తోనే నీళ్ళొదులుకోవాలో తేల్చుకోవాలి." అంటూ కుడి చెయ్యి చాపింది. ఆ బొటనవేలికి ఒక మగవాడి ఉంగరం, వదులుగా.

ఇవాళ సాయంత్రం తమ్ముణ్ణి కోర్టుకి తీసుకెళ్తారు. ఈలోగా తేలకపోతే ఇక తేలదు. మునగడమే.

"కేసు ముగిసింది టెస్టరు గారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మెయిన్ స్విచ్‌కి తాళం ఒక్కటే. తాళంచెవి ఆ తమ్ముడి జేబులో దొరికింది. బావ కరెంటు పెట్టెలో చెయ్యి పెట్టాడు, వీడు తాళం తీసి మెయిన్ వేశాడు, పని కాగానే ఆపేసి మళ్ళీ తాళం బిగించాడు. ఇందులో మీరు కొత్తగా టెస్టు చేసేదేముంది?"

"మీ కేసులో కరెంటుంది గానీ ఎర్తు లేదండీ. ఎర్తు లేనిదానికి అర్థం లేదు."

"పరాచికాలా?"

"వృత్తి దోషం," అన్నాడు టెస్టరు. "కుర్రాడితో మాట్లాడనివ్వండి."

*

జరిగింది జరిగినట్టు చేసి చూపించడానికి తమ్ముణ్ణి అక్కడికే తీసుకొచ్చారు. చేతులకి బేడీలు. గోడకానుకుని నేలమీద కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు దాటిన మనిషి, రెండ్రోజుల్లో ముసలాడైపోయాడు. అక్క వచ్చిందని తెలిసీ తలెత్తలేదు. అక్క కూడా అటు చూడలేదు. ఇద్దరి మధ్యా ఉన్న నాలుగడుగుల చీకట్లో ఏ తీగ వేసినా కలిసేలా లేదు.

టెస్టరు అతని పక్కనే చతికిలబడ్డాడు. "తాళం ఒకటే ఎందుకు వేశారు? ఇద్దరు పని చేస్తే రెండు తాళాలుండాలి కదా. ఎవడి తాళం వాడిది, ఎవడి చెవి వాడి జేబులో. కన్నతల్లి అడిగినా ఇవ్వకూడదు."

"తెలుసు సార్." బేడీల చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. "బావ తన తాళం ఇంట్లో మర్చిపోయాడు. వెళ్ళి తెస్తానన్నా. 'నీ తాళం ఉండగా నాకు భయమేంట్రా, మన ఇద్దరి ప్రాణాలకీ ఒకటి చాలదూ' అన్నాడు. బయటివాడైతే ఒప్పుకునేవాణ్ణి కాదు సార్. బావ కదా అని..."

"తర్వాత?"

"కరెంటు లేదని చూసుకున్నాం. గొలుసు వేశాం. భోజనం టైముకి ఇద్దరం కలిసే పైకెళ్ళాం. తిన్నాక నేను నట్లు తేవడానికి కొట్టుకెళ్ళా. బావ 'నువ్వొచ్చేలోగా బిగించేస్తుంటా' అని కిందికి దిగాడు. నేనొచ్చేసరికి..." గది వైపు చూశాడు. "తాళం ఉంది సార్. వేసినట్టే ఉంది. బావ లేడు."

"బంగారం ఏమైంది?"

"ఏ బంగారం సార్? కొడుతూ అదే అడుగుతున్నారు. మా బావ పనిలోకెళ్తే ఒంటి మీద ఇనప గుండీ కూడా ఉండనివ్వడు. ఇనుమైనా బంగారమైనా కరెంటుకి ఒకటేరా, రెండూ చుట్టాలే అనేవాడు."

మెట్ల మీద నుంచి ఆమె గొంతు వినిపించింది, ఎవరితోనో కాదన్నట్టు. "ఉంగరం కూడా రోజూ పొద్దున తీసి నాకిచ్చేవాడు. బొటనవేలికి పెట్టుకునేదాన్ని. సాయంత్రం రాగానే తీసుకునేవాడు."

ఆ రోజు సాయంత్రం తీసుకునేవాడు రాలేదు. టెస్టరు ఆ బొటనవేలి వంక చూసి చూపు తిప్పేసుకున్నాడు. లాకెట్ సంగతేమిటో అతని బుర్రలో అప్పుడే వెలిగింది. వెలిగినా స్విచ్ వెయ్యలేదు. మాట తప్పు విన్నారని చెప్తే కుర్రాడి మీద నుంచి పోయేది బంగారం నేరమొక్కటే. తాళంచెవి ఇంకా కుర్రాడి జేబులోనే ఉంటుంది.

*

వాచ్‌మన్ స్టూలు మీద కూర్చుని, అడిగినదానికీ అడగనిదానికీ తల ఊపుతున్నాడు.

"ఆ ఇద్దరూ భోజనానికి పైకెళ్ళాక కిందికి ఎవరైనా దిగారా?"

"ఎవరూ దిగలేద్సార్. మేనేజర్ గారు తప్ప."

"మేనేజర్ గారు ఎవరూ కారా?"

"ఆయన మేనేజర్ కదండీ!"

"సరే. అరుపులు వినపడకముందు ఏమైనా వింతగా జరిగిందా?"

"వింతేం లేద్సార్. లిఫ్టు దగ్గర బల్బు వెలిగింది. గుడ్డిగా. కాసేపుండి ఆరిపోయింది. కరెంటొచ్చి పోయిందనుకున్నా."

ఇన్‌స్పెక్టర్ తొడ చరిచాడు. "విన్నారా! మెయిన్ వేశాడు, బల్బు వెలిగింది. మీ సాక్షే నా సాక్షి!"

"మెయిన్ వేస్తే బల్బు గుడ్డిగా ఎందుకు వెలుగుతుంది ఇన్‌స్పెక్టర్ గారూ? ఊరి కరెంటు మొత్తం వస్తుంటే దానికి నీరసమెందుకు? వెలిగితే కళ్ళు చెదిరేలా వెలగాలి. గుడ్డిగా వెలిగిందంటే ఆ వచ్చిన కరెంటు ఎక్కడిదో చిన్నది, ఇంత లోడు మొయ్యలేక మూలుగుతున్నది."

"బల్బు పాతదేమో."

"బల్బు పాతదే. కరెంటే కొత్తది." టెస్టరు లేచి గదిలోకి నడిచాడు.

తడి, కాలిన రబ్బరు వాసన. రెండ్రోజులుగా భవనానికి కరెంటు లేదు. మెయిన్‌కి తాళం అలాగే వేలాడుతోంది, దాని మీద పోలీసుల లక్క సీలు. తెరిచిన పెట్టెలో రాగి పట్టీలు టార్చి వెలుతురుకి చచ్చిన చేప కళ్ళలా మెరిశాయి. టెస్టరు సంచిలోంచి ఒక చిన్న బల్బు తీసి, దాని తీగల కొసలు పట్టీలకి తగిలించాడు. వెలగలేదు. ప్రాణం లేదు.

దాన్ని అలాగే వదిలేసి వంగి, పట్టీల అంచు పరీక్షగా చూశాడు. ఒక్కో పట్టీ మీద ఏదో గట్టిగా కరిచిపట్టుకుని వదిలినట్టు పంటిగాట్లు. మసి లేకుండా, కొత్తగా. వెనక్కి తిరిగి తలుపు పక్కకి జరిపాడు. తలుపు చాటున మేకుకి వేలాడుతోంది, బారెడు పొడవు, వేలు లావు రాగి అల్లిక. కొసల్లో పళ్ళున్న ఇనప పట్టుకార్లు.

ఈ రెండ్రోజుల్లో పదిమంది పోలీసులు దాన్ని భుజాలతో రాసుకుంటూ తిరిగారు. చిన్నదాని కోసం వెతికే కంటికి పెద్దది ఆనదు.

అతను దాన్ని ముట్టుకోలేదు. "ఆ రోజు ఈ భవనంలో జనరేటర్ ఎవరు నడిపారు?" అనడిగాడు వాచ్‌మన్‌ని.

"నాలుగో అంతస్తులో రక్తం పరీక్షలు చేసేవాళ్ళండి."

"ఫ్రిజ్‌లుంటాయన్నమాట," అని మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

*

ల్యాబు నడిపే ఆవిడ సూదిలా సన్నగా, సూటిగా ఉంది.

"అవును, జనరేటర్ నాదే. తప్పేంటి? ఫ్రిజ్‌లో వందమంది రక్తం ఉంది. పాడైతే మళ్ళీ గుచ్చించుకోడానికి ఎవరొస్తారు? మీరొస్తారా?"

"నాకు సూదంటే భయం. జనరేటర్ ఫ్రిజ్‌కి ఎలా కలిపారు?"

"ఇదిగో, మేనేజర్ గారిచ్చిన వైరు." బాల్కనీలోంచి ఒక వైరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఒక కొస జనరేటర్లో, ఇంకో కొస గోడ సాకెట్లో. అన్ని ఫ్రిజ్‌లూ ఒకేసారి నడుస్తాయన్నారు."

టెస్టరు ఆ వైరు రెండు కొసలూ చూశాడు. రెండు వైపులా ప్లగ్గే. రెండు తలల పాము. గోడలోంచి కరెంటు తీసుకోవాల్సింది పోయి, గోడలోకి కరెంటు ఎక్కించే వైరు. ఆ గోడలోంచి అది ఎక్కడికి పోతుందో గోడకి తెలియదు. కింద పట్టీల దాకా పోతుంది.

"ఆ రోజు సరిగ్గా నడిచిందా?"

"మొదట్లో లేదు. స్టార్ట్ చెయ్యడం, మూలిగి ఆగిపోవడం. మేనేజర్ గారికి ఫోన్ చేస్తే చూస్తానన్నారు. తర్వాత నడిచింది, లైట్లు కొంచెం మందంగా. కాసేపటికి ఒక్కసారిగా..." ఆవిడ వైరు వంక చూసింది. అతని మొహం వంక చూసింది. "ఒక్కసారిగా గట్టిగా మూలిగి ఆగిపోయింది. వైరు పీకేశాను. అప్పుడే కింద కేకలు..."

ఆవిడ కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాపింది. అందలేదు. టెస్టరు జరిపి కూర్చోబెట్టాడు.

"మీకు తెలియదమ్మా," అన్నాడు. "తెలిసినవాడు వేరే ఉన్నాడు. ఈ పాము నా సంచిలో ఉంటుంది."

*

అందరూ కరెంటు గదిలో చేరారు. ఇన్‌స్పెక్టర్, బేడీలతో తమ్ముడు, గుమ్మంలో అక్క, వాచ్‌మన్, చివరికి మేనేజర్. నున్నగా దువ్విన జుట్టు, నున్నటి మాట. పేరుకి తగ్గట్టు దేన్నయినా మేనేజ్ చెయ్యగల మనిషి.

"ఏమిటండీ ఈ తిరణాల?" అన్నాడు. "పాపం దుకాణాలవాళ్ళు రెండ్రోజులుగా నా ప్రాణం తీస్తున్నారు. సీలు తీయిస్తే కరెంటిచ్చుకుంటాం."

"ఇస్తారు, తప్పకుండా ఇస్తారు," అన్నాడు టెస్టరు. "ఇన్‌స్పెక్టర్ గారూ, మీ లెక్క ఇంకోసారి చెప్పండి. ఆ తాళం తియ్యకుండా ఈ పట్టీల్లోకి కరెంటు రాదు. అంతేనా?"

"అంతే. తీసినవాడే హంతకుడు."

"ఇప్పుడు తాళం ఉంది. దాని మీద మీ సీలుంది. నా బల్బూ ఆరిపోయే ఉంది. మీ లెక్క మీద మీకు నమ్మకముంటే ఆ పట్టీ మీద చెయ్యి వెయ్యండి."

"నాకు భయమనుకున్నారా?"

"మిమ్మల్ని కాదు, మీ లెక్కని అంటున్నా."

మగతనం మీద మాటొస్తే మెదడు సెలవు పెడుతుంది. ఇన్‌స్పెక్టర్ చొక్కా చెయ్యి పైకి మడిచి, వేళ్ళు చాచాడు. జానెడు దూరం. బెత్తెడు.

"వద్దు సార్!" అని కేక. గదంతా మారుమోగింది. "గొలుసు వెయ్యకుండా ముట్టుకోకండి!"

ఇన్‌స్పెక్టర్ చెయ్యి గాల్లో ఆగిపోయింది. అందరి తలలూ తిరిగాయి. మేనేజర్ నోరు ఇంకా తెరిచే ఉంది, మాట మాత్రం ఎప్పుడో బయటికి పోయింది.

"గొలుసా?" అన్నాడు టెస్టరు మెల్లగా. "మెయిన్‌కి తాళం ఉందండీ. తాళం ఉన్నా కరెంటు ఇంకోవైపు నుంచి రావొచ్చనీ, వస్తే ఆపేది గొలుసనీ మీకెలా తెలుసు? ఆ రోజు గొలుసు ఉన్నంతసేపూ పైన జనరేటర్ ఆగిపోతూనే ఉంది. మీరు కిందికొచ్చి వెళ్ళాక నడిచింది. ఆ ఇద్దరూ అప్పుడు పైన తింటున్నారు."

"నేను... తినొచ్చేలోగా మళ్ళీ పెట్టేద్దామనుకున్నాను." మేనేజర్ గొంతులో నునుపు అరిగిపోయింది. "ల్యాబావిడ ఫోన్ మీద ఫోన్. అరగంట నడిస్తే చాలు కదా అని. ఇంతలో ఎవరో పిలిచారు, వెళ్ళాను. మర్చిపోయాను. అంతే! చంపాలని కాదు!"

"మీరు మర్చిపోయారు. చచ్చినవాడు నమ్మాడు. తిని వచ్చాక కరెంటుందో లేదో మళ్ళీ ఒకసారి చూసుకోవాల్సింది. తలుపు దగ్గర నుంచే తాళం చూశాడు. బావమరిది తాళం. ఇక చూసేదేముంది అనుకున్నాడు."

తమ్ముడి భుజాలు కదిలాయి. ఏడుపు చప్పుడు రాలేదు.

ఇన్‌స్పెక్టర్ చాచిన చెయ్యి ఇంకా దించలేదు. "అయితే ఇప్పుడు దీన్ని ముట్టుకుంటే..."

"ఏమీ కాదు. ఆ వైరు నా సంచిలోనే ఉంది." టెస్టరు రెండు తలల పాముని తీసి అందరికీ చూపించాడు. "ధైర్యంగా..."

మేనేజర్ దాన్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "అది నాలుగో అంతస్తుదండీ," అన్నాడు, పెదాలు తడారిపోతూ. "నేను చేసింది రెండు. మూడో అంతస్తు వాళ్ళకి కూడా ఒకటిచ్చాను. నిన్న ఇంకో జనరేటర్ తెచ్చారు..."

మాట పూర్తి కాలేదు. పట్టీలకి వేలాడుతున్న చిన్న బల్బులో ఎర్రటి వెంట్రుకలాంటి తీగ వెలిగింది. గుడ్డిగా. మెయిన్‌కి తాళం అలాగే ఉంది.

టెస్టరు ఇన్‌స్పెక్టర్ కాలరు పట్టి ఒక్క లాగు లాగాడు. ఇద్దరూ వెనక్కి పడ్డారు. ఇన్‌స్పెక్టర్ వేళ్ళకీ పట్టీకీ మధ్య ఇందాక మిగిలిన ఆ బెత్తెడు చోటుని చూస్తూ టెస్టరు నేలమీదే ఉండిపోయాడు. సంచిలో వైరుంది కదా అని తను నమ్మాడు, తాళం ఉంది కదా అని ఆ పోయినవాడు నమ్మినట్టే. గొలుసు తలుపు వెనకే ఉంది. తనూ వెయ్యలేదు.

"ఎవరూ కదలొద్దు," అంటూ లేచాడు. రబ్బరు తొడుగులు వేసుకున్నాడు. మేకు మీది రాగి గొలుసు దించి, ఒక కొస గోడలోని ఎర్తు బోల్టుకి బిగించాడు. రెండో కొసని మూలనున్న పొడవాటి చెక్కపిడి కొక్కేనికి తగిలించి, మొహం పక్కకి తిప్పుకుని పట్టీల మీద వేశాడు.

టప్‌మని నీలం మెరుపు. ఎక్కడో పైన, మూడో అంతస్తులో, ఒక యంత్రం గొంతు పిసికినట్టు మూలిగి ఆగిపోయింది. బల్బు ఆరింది.

కాలవలో కానిస్టేబుళ్ళ పారలు కూడా ఆగాయి.

"గొలుసంటే..." ఇన్‌స్పెక్టర్ తన చేతివేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకుంటున్నాడు, అన్నీ ఉన్నాయా అన్నట్టు. "గొలుసంటే ఇదా?"

"ఇదేనండీ. కరెంటు ఏ దొంగదారిన వచ్చినా మనిషిలోకి పోకుండా భూమిలోకి పంపే గొలుసు. మెయిన్‌కి వేసే తాళాన్ని వీళ్ళు లాకౌట్ అంటారు. బావ శవాన్ని చూసి ఈ అబ్బాయి అరిచింది 'లాకౌట్ ఉంది, గొలుసేదీ' అని. రెండో మాటకి జవాబు వెతికుంటే ఆ రోజే తేలిపోయేది. వాచ్‌మన్ చెవిలో లాకౌట్ కాస్తా లాకెట్ అయింది. లాకెట్ పక్కనుండే గొలుసు బంగారంది కాక రాగిది ఎందుకవుతుంది?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు. "నాకు కుడి చెవి కొంచెం తక్కువండి," అన్నాడు. "లాకెట్టనే వినపడింది."

"మీకు చెవి తక్కువ. మాకు..." అని ఇన్‌స్పెక్టర్ వాక్యం అక్కడే వదిలేశాడు. కాలవలోకి చూసి, "పైకి రండ్రా," అన్నాడు. తర్వాత జేబులోంచి బేడీల చెవి తీసి, తమ్ముడి చేతి బేడీలు తనే విప్పాడు. అవే తీసుకెళ్ళి మేనేజర్ చేతులకి వేశాడు.

తమ్ముడు లేవలేదు. మణికట్లు రుద్దుకుంటూ గోడకేసి చూస్తున్నాడు. "నా తాళమేనక్కా," అన్నాడు, చాలా సన్నగా. "నా తాళం చూసే నమ్మాడు. వెళ్ళి తన తాళం తెచ్చుకోమని నేను గట్టిగా అనుంటే..."

ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది. పట్టీలకి వేలాడుతున్న గొలుసు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. మొన్న ఇది ఇక్కడే ఉండుంటే ఈపాటికి ఉంగరం తన వేలికి ఉండేది కాదు. బొటనవేలి మీద దాన్ని ఒకసారి తిప్పి, తమ్ముడి పక్కన నేలమీద కూలబడింది. వాడి తల మీద చెయ్యేసింది, అదే చెయ్యి.

"ఏరా," అంది. "తిన్నావా?"